"ఉత్తరం రాస్తే మారుస్తారా?" అన్న ప్రశ్నకు

చిరంజీవులు చిన్నికీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్ని నా చిన్న ఫోన్ చేతిలోకి తీసుకుని, "దీంట్లో నెట్టే రాదు కదా అమ్మమ్మా, డేటా ప్యాక్ ఎందుకు వేయించుకుంటున్నావ్?" అని అడిగింది. కొట్టబ్బాయి అదే వేస్తాడమ్మా అన్నాను. "అయితే ఉత్తరం రాద్దాం" అన్నాడు బుజ్జి. "రాస్తే మారుస్తారా ఏంటి?" అని మీ మామయ్య తేల్చేశాడు. ఆ వేళ నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. మారుస్తారు. అలా మార్చిన సందర్భాలు ఉన్నాయి. కాకపోతే అడిగే పద్ధతి ఒకటుంది, అది చెబుదామనే ఈ ఉత్తరం.

ఢిల్లీలో ట్రాయ్ అని ఒక సంస్థ ఉంది. పూర్తి పేరు టెలికాం రెగ్యులేటరీ అథారిటీ ఆఫ్ ఇండియా. పార్లమెంటు 1997లో చేసిన చట్టంతో పుట్టింది. ఫోన్ కంపెనీలు ఎలా నడుచుకోవాలో నియమాలు పెట్టేది అదే. కంపెనీల మేలూ చూడాలి, మన మేలూ చూడాలి అని దాని చట్టంలోనే రాసి ఉంది. రీచార్జ్ ధరలు మాత్రం చాలావరకు కంపెనీలే నిర్ణయించుకుంటాయి. నా ఒక్కదాని బిల్లు గొడవ కూడా ట్రాయ్ తీర్చదు. దానికి ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి, అక్కడ న్యాయం జరగకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు చేసుకోవాలి. కానీ నాలాంటివాళ్ళు లక్షల మంది ఒకే నియమం వల్ల ఇబ్బంది పడుతుంటే, ఆ నియమం మార్చమని అడగాల్సింది ట్రాయ్‌నే.

28 రోజుల ప్యాక్ సంగతే తీసుకోండి. 28ని 13తో గుణించండి. 364 వస్తుంది. అంటే ఏడాదికి 12 నెలలైతే, మనం చేయించేది 13 రీచార్జ్‌లు. పెన్షన్ నెలకోసారి వస్తుంది, పాలవాడి లెక్క నెలకోసారి చూస్తాం, ఫోన్ ప్యాక్ మాత్రం నెల నిండకముందే అయిపోతుంది. దీనిమీద జనం అడగగా అడగగా, ట్రాయ్ అందరి అభిప్రాయాలూ తీసుకుని 2022 జనవరిలో ఒక ఆర్డర్ ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాక్ ఒకటైనా ఉంచాలి, ప్రతి నెలా ఒకే తేదీకి రీచార్జ్ చేసుకునే ప్యాక్ కూడా ఒకటుండాలి అని. 28 రోజుల ప్యాక్ రద్దు కాలేదు. అయినా అడిగినందుకు మనకి ఇంకో దారి దొరికింది.

అంతకుముందు 2011లో మెసేజ్‌ల గొడవ. ప్రకటనల మెసేజ్‌ల బెడద ఆపడానికని ఒక సిమ్ నుంచి రోజుకి 100కి మించి పంపకూడదని ట్రాయ్ సెప్టెంబరులో నియమం పెట్టింది. మామూలు మనుషులకి కూడా ఇబ్బంది అవుతోందని గోల వచ్చాక నవంబరులోనే దాన్ని 200 చేసింది. తర్వాత ఢిల్లీ హైకోర్టు, సొంత మెసేజ్‌లకి ఆ హద్దు చెల్లదని 2012లో చెప్పింది. చూశారా, మొదటి మాటే ఆఖరి మాట కాలేదు.

ఇప్పుడు అడిగే పద్ధతి. ఏదైనా నియమం చేసేముందు ట్రాయ్ ఒక పత్రం వేస్తుంది. అందులో సమస్య వివరించి, ప్రశ్నలకి నంబర్లు వేసి, ఫలానా తేదీలోగా ఎవరైనా జవాబులు పంపమంటుంది. వచ్చిన జవాబుల మీద మళ్ళీ ఎవరైనా వ్యాఖ్య పంపవచ్చు. ఆపైన అందరినీ పిలిచి బహిరంగ చర్చ పెడుతుంది. అంతా పారదర్శకంగా చేయాలని చట్టంలోని 11వ సెక్షనే చెబుతుంది.

2015 డిసెంబరులో అలాంటి పత్రమే ఒకటి వచ్చింది. కొన్ని వెబ్‌సైట్లు చూస్తే డేటాకి ఒక ధర, మిగతావి చూస్తే ఇంకో ధర ఫోన్ కంపెనీలని పెట్టనివ్వవచ్చా అని నాలుగు ప్రశ్నలు అడిగారు. అప్పుడు ఫేస్‌బుక్ వాళ్ళు ఫ్రీ బేసిక్స్ పేరుతో కొన్ని సైట్లు ఉచితంగా ఇస్తామంటున్నారు. దానికి మద్దతుగా ముందే రాసిపెట్టిన జాబు ఒకటి తయారు చేసి, బటన్ నొక్కితే ట్రాయ్‌కి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. మొత్తం సుమారు 24 లక్షల జవాబులు వస్తే, దాదాపు 19 లక్షలు ఆ మూసలోవే. చిన్నీ, నీకేమనిపిస్తుంది? 19 లక్షల మంది అడిగారు కాబట్టి అదే గెలవాలి కదా? గెలవలేదమ్మా. మేము అడిగిన నాలుగు ప్రశ్నలకి వీటిలో జవాబు లేదు, ఇది ఓట్ల లెక్క కాదు అని ట్రాయ్ ఫేస్‌బుక్‌కి ఘాటుగానే రాసింది. ప్రశ్నలు చదివి, ఇలా చేస్తే రేపు కొత్తగా సైటు పెట్టుకునే చిన్నవాళ్ళు ఎలా బతుకుతారు అని ఓపిగ్గా విడమరిచినవాళ్ళ వాదన నిలబడింది. చూసే సైటుని బట్టి డేటా ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరి 8న నియమం వచ్చింది. తప్పితే రోజుకి 50 వేల రూపాయల జరిమానా, 50 లక్షల దాకా. ఈ కథ నాకు ఎంతో ధైర్యమిచ్చింది. బటన్ నొక్కడం కన్నా ఒక మంచి పేరా రాయడం ఎక్కువ పనిచేసిందంటే, మనలాంటివాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

మనకి అనుకూలంగా వచ్చిన నియమం కూడా కారణం గట్టిగా లేకపోతే నిలవదు, అదీ గుర్తుంచుకోండి. కాల్ మధ్యలో కట్ అయితే కాల్‌కి రూపాయి చొప్పున, రోజుకి మూడు రూపాయల దాకా కంపెనీ మనకి తిరిగి ఇవ్వాలని ట్రాయ్ 2015 అక్టోబరులో చెప్పింది. కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి. కాల్ కట్ అయిన ప్రతిసారీ తప్పు కంపెనీదే కాకపోవచ్చు, ఆ తేడా చూడకుండా అందరిమీదా వేశారు, వచ్చిన అభ్యంతరాలకి సరైన జవాబు చెప్పలేదు అని సుప్రీంకోర్టు 2016 మేలో ఆ నియమం కొట్టేసింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు బాధేసింది. కానీ కోర్టు అన్న మాట న్యాయమే.

ఇక నా సంగతి. ఒకసారి ప్యాక్ అయిపోయిన విషయం నేను చూసుకోలేదు. కొన్నాళ్ళకి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మా అక్కని ఆసుపత్రిలో చేర్చారు. వాళ్ళు నాకు ఫోన్ చేసి చేసి విసిగిపోయి, చివరికి పక్కింటివాళ్ళకి చేశారు. ఆ టెన్షన్ ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ఇది నాకు రూపాయల లెక్క ఒక్కటే కాదు.

2024 డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా లేకుండా కాల్స్‌కీ మెసేజ్‌లకీ మాత్రమే పనికొచ్చే ప్యాక్ ప్రతి కంపెనీ ఇవ్వాలంది. అలాంటి ప్యాక్ గడువు 90 రోజులు దాటకూడదని ఉన్న హద్దుని 365 రోజులకి పెంచింది. మీరు వెళ్ళాక కొట్టబ్బాయిని అడిగితే అవి చూపించాడు. ఒకటి 84 రోజులది, ఇంకొకటి ఏడాదిది. నేను ఎలాగోలా కట్టగలను. మన వీధిలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు అంత డబ్బు ఒక్కసారే ఎక్కడినుంచి తెస్తారు?

కాబట్టి మనం అడగాల్సింది ఒక్కటే: కాల్స్ ప్యాక్ 30 రోజులకి కూడా ఉండాలి. కోపంగా రాయొద్దు, ఏడుపుగా కూడా రాయొద్దు. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి, చిన్న ఫోన్ వాడేవాళ్ళు ఎందరు, నెలకి ఎంత వేయిస్తున్నారు, అందులో డేటా ఎంత వాడుతున్నారు అని రాసుకోండి. వద్దన్నవాళ్ళని వదిలేయండి, ఎవరి నంబరూ రాయొద్దు. నేను తెలుగులో రాస్తాను, చిన్ని ఇంగ్లీషులోకి మారుస్తుంది. ట్రాయ్‌కి హైదరాబాద్‌లో కూడా ఆఫీసు ఉంది, ఒక కాపీ అక్కడికీ పంపుదాం.

బుజ్జీ, నువ్వు గళ్ళ నోటుబుక్ తెచ్చుకో. నా రీచార్జ్ తేదీలన్నీ పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో ఉన్నాయి, మొదటి లెక్క నాదే రాద్దువుగాని.

మీ అమ్మమ్మ