చిల్లు, బెజ్జం

పర్లాకిమిడిలో మా నాయనమ్మది నాటుపెంకుల ఇల్లు. మే నెల మధ్యాహ్నం వీధి తలుపు మూస్తే, జారిన పెంకు సందులోంచి వెలుగు కడ్డీ ఒకటి దిగి, నేల మీద పాత రూపాయి బిళ్లంత మచ్చ పెట్టేది. "పెంకుకు చిల్లు పడింది, వానలకు ముందే సర్దించాలి" అనేది నాయనమ్మ. ఆ సందు మూడు మూలలుగా, ఒక పక్క విరిగి ఉండేది. నేల మీద మచ్చ మాత్రం చక్కని గుండ్రం.

ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి ప్రతిబింబం. సూర్యుడు మనకు తన వ్యాసానికి సుమారు 108 రెట్ల దూరంలో ఉన్నాడు. చిన్న రంధ్రం కింద పడే ప్రతిబింబమూ అదే లెక్కలో వస్తుంది: 3 మీటర్ల ఎత్తును 108తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు. గ్రహణం పట్టినప్పుడు ఆ మచ్చ నెలవంకలా మారుతుంది. చెట్టు నీడలో ఆకుల సందుల కింద అలాంటి నెలవంకలు వందల కొద్దీ కనిపిస్తాయి.

కుండకు పడేది చిల్లు, కంచెకు పడేది కంత, సూదికి పెట్టేది బెజ్జం. మొదటి రెండూ పాడైన గుర్తులు. మూడోది లేకపోతే సూదే లేదు. కెమెరాలో, టెలిస్కోపులో వెలుగు లోపలికి వెళ్లే ద్వారాన్ని అపర్చర్ అంటారు. అది ఈ బెజ్జం జాతిది. తెరవడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిన మాట ఇది. ఎంత తెరవాలో లెక్క చూసి పెట్టిన ద్వారమే అపర్చర్.

కెమెరాలో ఆ లెక్కను ఎఫ్ సంఖ్యతో చెబుతారు. కటకం నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్) ఆ సంఖ్యతో భాగిస్తే ద్వారం వ్యాసం వస్తుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి ఎఫ్2 అంటే 25 మిల్లీమీటర్లు, ఎఫ్16 అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు. సంఖ్య పెరిగితే ద్వారం చిన్నదవడం కొత్తవాళ్లను తికమక పెడుతుంది కానీ, అది భాగహారమని గుర్తుంటే చాలు. ద్వారం పెద్దదైతే వెలుగు ఎక్కువ, పెళ్లికూతురి ముఖం ఒక్కటే స్పష్టం. చిన్నదైతే వెనక వరుసలోని మేనమామ కూడా స్పష్టం. మరీ చిన్నదైతే మాత్రం కాంతి అంచుల దగ్గర వంగి పరుచుకుని, మొత్తం బొమ్మ మసకబారుతుంది. దీన్నే వివర్తనం అంటారు.

మన కంటిపాప కూడా అపర్చరే. చీకట్లో దాదాపు 7 మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది. ఒడిశాలోని ఖండపడాలో 1835లో పుట్టిన ఖగోళవేత్త పఠాణి సామంత చంద్రశేఖర్ ఆ కంటిపాపతోనే, వెదురుతో, కర్రతో తానే చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచారు. ఆయన ఖగోళ గ్రంథం సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. తమిళనాడులోని కావలూరులో ఉన్న వైను బప్పు టెలిస్కోపు అద్దం వ్యాసం 2.34 మీటర్లు. అంటే కంటిపాప కంటే లక్ష రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది. ఈ తేడా తెలిశాక సామంత పని మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకు పర్లాకిమిడి ఉన్న మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటి రోజుల్లో మబ్బుల కింద నేల మామూలు ఉపగ్రహ కెమెరాలకు కనిపించదు. రాడార్ తరంగాలు మబ్బుల్ని దాటిపోతాయి. కానీ వాటి పొడవు కాంతి తరంగాలకంటే లక్షల రెట్లు ఎక్కువ కనుక, వివర్తనాన్ని అధిగమించి నేలను వివరంగా చూడాలంటే కిలోమీటర్ల పొడవైన యాంటెన్నా కావాలి. అంతటిదాన్ని ఎవరు మోసుకెళ్తారు? 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల రాడార్ ఉపగ్రహం నిసార్ యాంటెన్నా వ్యాసం 12 మీటర్లే. అది కదులుతూ దారి పొడవునా తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులను కలిపి లెక్కిస్తారు. ఆ దారి మొత్తం ఒకే యాంటెన్నాలా పనిచేస్తుంది. అందుకే దాన్ని సింథటిక్ (కృత్రిమ) అపర్చర్ రాడార్ అంటారు. ఆ ద్వారం లెక్కలో తప్ప ఎక్కడా లేదు. ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది కాబట్టి, రెండు చిత్రాలను పోల్చి చూస్తే మా జిల్లాలోని మహేంద్రగిరి కొండ వాలు కొన్ని సెంటీమీటర్లు కదిలినా పట్టుకునే వీలుంది.