ఇన్సూరెన్స్ ఉందిగా, అద్దం ఫ్రీయేగా?

నెల్లూరులో కార్ల అద్దాలు బిగించడం నా పని. హైవే మీద కంకర లారీ వెనక పోతుంటే టక్కున ఒక రాయి వచ్చి తగులుతుంది. మర్నాడు బండి మా షెడ్డు ముందు ఉంటుంది. పగిలిన అద్దంతో పాటు ఈ మాటలు కూడా వస్తాయి.

అపోహ: "ఇన్సూరెన్స్ ఉండాది గదా అబ్బయ్యా, మార్చేయ్. మనకేం ఖర్చు?"

వాస్తవం: ముందు అది ఏ పాలసీయో చూడాలి. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ అద్దానికి పైసా రాదు. మీ బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి. అందులో అద్దానికి ఒక మేలుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు తరుగుదల కింద 50 శాతం కోస్తారు, బండి ఎంత పాతదైనా అద్దానికి మాత్రం కోయరు. కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు పెట్టుకోవాల్సిన వాటా, తప్పదు. 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆపైన 2,000 మీ జేబులోంచే పోతుంది.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ మీద పడుతుంది. వరసగా 5 ఏళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. ఒక్క అద్దానికి క్లెయిమ్ వేసినా అది సున్నాకి వచ్చి, మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్లెక్కాలి. బోనస్ లేకుండా మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకోండి. మొదటి ఏడాది 5,000 ఎక్కువ కడతారు. ఆ తర్వాత 3,000, 2,500, 1,500, 500. కూడితే 12,500. బండి విలువతో పాటు ప్రీమియమూ ఏటా కాస్త తగ్గుతుంది కాబట్టి కొంత తక్కువే అవుతుందనుకున్నా, 9,000 అద్దానికి మీ చేతికొచ్చేది మహా అయితే 8,000. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది పాలసీ కాపీ మడిచి జేబులో పెట్టుకుంటారు.

క్లెయిమ్ వేసినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్షన్ తీసుకున్నవాళ్లకు, బోనస్ ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నవాళ్లకు, కెమెరాలూ సెన్సర్లూ ఉన్న ఖరీదైన అద్దాలకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు క్లెయిమ్ వేసుకోవచ్చు. వేసేట్టయితే అద్దం విప్పకముందే కంపెనీకి చెప్పండి. ముందు మార్పించేసి తర్వాత బిల్లు పంపితే పేచీ తప్పదు.

అపోహ: రాయి తగిలి చిన్న చుక్క పడిందంటే అద్దం మార్చాల్సిందే.

వాస్తవం: రూపాయి బిళ్ల కంటే చిన్నదై, అంచుకి దూరంగా, డ్రైవర్ చూపుకి అడ్డం రాకుండా ఉంటే రెజిన్ అనే గట్టిపడే జిగురు ఎక్కించి ఆపొచ్చు. మచ్చ కాస్త కనిపిస్తుంది, అంతే. షెడ్డుకి తెచ్చేదాకా దుమ్ము, నీళ్లు పోకుండా దాని మీద సెల్లోటేప్ వేయండి. రోహిణి కార్తె ఎండలో కాలిన అద్దం మీదికి ఏసీ గాలి నేరుగా వదిలితే ఆ చుక్కే గీతై సాగుతుంది. చన్నీళ్లు కొట్టడం ఇంకా ఘోరం.

అపోహ: బిగించడం అయిపోయిందిగా, తాళం ఇచ్చేయ్.

వాస్తవం: ముందు అద్దం వానని ఆపే తెర మాత్రమే కాదు. రెండు గాజు పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు, దాన్ని యూరిథేన్ జిగురుతో బాడీకి అతికిస్తాం. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఈ అద్దాన్ని ఆనుకునే తెరుచుకుంటుంది. జిగురు ఆరకముందే ప్రమాదం జరిగితే అద్దమే ఊడి బయటికి పోవచ్చు. ఎంతసేపు ఆగాలో జిగురు కంపెనీయే చెబుతుంది. పెళ్లి ముహూర్తం దాటిపోతోందన్నా నేను తాళం ఇవ్వను, ఈ విషయంలో నాకు మొండివాడని పేరు. ఆ రోజంతా ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి, తలుపులు దబేల్మని వేయకండి. రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు.

అపోహ: పాత ఫాస్టాగ్ పీకి కొత్త అద్దానికి అంటిస్తే సరి.

వాస్తవం: పీకితే పాడయ్యేలాగే దాన్ని తయారు చేశారు. ఇచ్చిన బ్యాంకులో అడిగి కొత్తది తీసుకోండి. లేకపోతే వెంకటాచలం టోల్ గేటు దగ్గర మీకే తెలుస్తుంది.

అపోహ: వైపర్లకీ క్లెయిమ్ వస్తుంది.

వాస్తవం: వాడి వాడి అరిగినదానికి రాదు. ప్రమాదంలో విరిగితే వస్తుంది, తరుగుదల కోయని జీరో డెప్ కవర్ లేకపోతే అదీ సగమే. ఏడాదికోసారి, మన వైపు తుఫాన్లు మొదలయ్యే అక్టోబరుకి ముందే బ్లేడ్లు మార్చుకోండి. చాలా బండ్లకి రెండు వైపులా ఒకే పొడవుండదు, కొలత చూసి కొనండి. ఎండకి రబ్బరు పాడవుతుందని వైపర్లు ఎత్తి నిలబెడతారు. ఎత్తినా రబ్బరుకి ఎండ తగులుతూనే ఉంటుంది, ఎవరి చెయ్యో తగిలి అది పడితే స్ప్రింగు విసురుకి అద్దం పోతుంది. బ్లేడు తీసేసిన ఒట్టి ఇనుప కడ్డీ అయితే మరీ ప్రమాదం, కింద మడతపెట్టిన తువ్వాలు వేయకుండా ఆ పని చేయొద్దు.

పని నేర్చుకునే రోజుల్లో నేను తువ్వాలు వేయలేదు. కడ్డీ ఠప్పున పడింది, ఈ చివర నుంచి ఆ చివరకి గీత. ఆ అద్దం డబ్బులు మేస్త్రీ నెలనెలా నా కూలిలో కోసుకున్నాడు. దానికి ఏ పాలసీ పనికిరాలేదు.