రిజిస్టర్ పెళ్లికి ముగ్గురు సాక్షులు ఎందుకు?

తిరుపతిలో రిజిస్టర్ పెళ్లికి సిద్ధపడే జంటలు ఆధార్ కార్డులు, వయసు ధ్రువపత్రాలు ముందే జిరాక్సులు తీయించుకుంటారు. టెన్షన్ మొదలయ్యేది చివర్లో, సాక్షుల దగ్గర. ఎవరో ముగ్గురు దొరక్కపోతారా అనుకుని వచ్చి, ఆఫీసు బయట ముక్కూ మొహం తెలియని మనిషిని బతిమాలుకునే పరిస్థితి రాకూడదు. ఆ సాక్షుల సంతకం వెనక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

బెంగాల్‌లో కేశవచంద్ర సేన్ వెంట నడిచిన బ్రహ్మసమాజికులు తమ పెళ్లిళ్లకు చట్టబద్ధత కోరితే, 1872లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేక వివాహ చట్టం తెచ్చింది. అగ్నిసాక్షి లేదు, పురోహితుడు లేడు, బంధువులు వస్తారో రారో తెలియదు. రేపు ఎవరైనా కాదంటే ఈ పెళ్లి జరిగిందని చెప్పేదెవరు? అందుకే ముందు పెళ్లి చేసుకోబోతున్నామని నోటీసు, తర్వాత ముగ్గురు సాక్షుల ఎదుట ప్రకటన అన్నారు. నోటీసు గడువు అప్పట్లో 14 రోజులే. కానీ తాము హిందువులం కామని, ముస్లింలం కామని, క్రైస్తవులం కామని వధూవరులు రాసివ్వాల్సి వచ్చేది. 1923 సవరణతో హిందూ, బౌద్ధ, సిక్కు, జైన మతాల వారికి ఆ బాధ తప్పింది. దాని స్థానంలో వచ్చిన, ఇప్పుడు అమల్లో ఉన్న 1954 ప్రత్యేక వివాహ చట్టం అందరికీ తప్పించింది గానీ, నోటీసు గడువును 30 రోజులకు పెంచింది.

ఇద్దరిలో ఒకరైనా, నోటీసు తీసుకునే వివాహ అధికారి పరిధిలో అంతకుముందు 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. అమ్మాయిది కుప్పం అయి, తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ నోటీసు ఇస్తే, ఒక కాపీ కుప్పం వైపు అధికారికీ వెళ్తుంది. ఇంట్లో ఒప్పుకోని జంటకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే ఏర్పాటు. దీన్ని మార్చి తీరాలి. జంట కోరితే తప్ప నోటీసు ప్రచురించనక్కర్లేదని 2021లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. చట్టంలోని మాట మాత్రం అలాగే ఉంది.

సాక్షుల సంగతి వేరు. వాళ్లు జంటకు అండ. పెళ్లికి ముందు వధూవరులు ఇచ్చే ప్రకటన కింద, వీళ్లు మా ఎదుటే సంతకం చేశారు, మాకు తెలిసినంతలో ఈ పెళ్లికి చట్టపరమైన అడ్డంకి లేదు అన్న వాక్యం ఉంటుంది. సాక్షులు సంతకం పెట్టేది దాని కిందే. తెలిసి అబద్ధానికి సంతకం పెడితే నేరం. దారిన పోయే మనిషి ఆ మాట ఎలా అనగలడు? తర్వాత అధికారి ముందు ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరించేటప్పుడూ ఆ ముగ్గురు ఉండాలి, సర్టిఫికెట్ మీదా వాళ్ల సంతకాలే పడాలి.

అందుకే నోటీసు ఇచ్చిన రోజే ఆ ముగ్గురినీ ఖాయం చేసుకుని, పెళ్లి రోజుకు సెలవు పెట్టించాలి, గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోమనాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు. మళ్లీ కొత్త నోటీసు, మళ్లీ 30 రోజులు.