నల్లా నీళ్ల కిస్తీ ఎవరి ఖాతాలోది?

తెలంగాణ రాష్ట్ర అప్పుల మీద మళ్లీ మాటల యుద్ధం రేగింది. కాంగ్రెస్ వాళ్లు 2023 డిసెంబరు శ్వేతపత్రంలోని 6,71,757 కోట్లు చూపిస్తారు. కార్పొరేషన్ల అప్పులన్నీ కలిపి భయపెడుతున్నారని బీఆర్ఎస్ అంటుంది. అదే పత్రం ప్రకారం ఎఫ్‌ఆర్‌బీఎం (ప్రభుత్వ అప్పులకు, లోటుకు హద్దులు పెట్టే చట్టం) పరిధిలోని అప్పు 3,89,673 కోట్లు. ఈ తగాదాకు మూలం వెతకడానికి 2014 దాకా పోనక్కర్లేదు. 2022 మార్చి 31 దగ్గర ఆగితే చాలు.

ఆ రోజు కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. కార్పొరేషన్ తెచ్చిన అప్పుకు అసలుగానీ వడ్డీగానీ బడ్జెట్ నుంచి కడితే అది రాష్ట్రం అప్పే అంది. ఆ రోజుతో ముగిసిన 2021-22 ఆర్థిక సంవత్సరానికీ అదే లెక్క! తర్వాత కొంత సడలించి, ఆ ఏడాది మొత్తాన్ని రాష్ట్రాల అప్పుల పరిమితిలోంచి 2026 మార్చి దాకా విడతలుగా కోసుకుంటామంది. ఈలోగా 2022 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణకు బహిరంగ మార్కెట్ అప్పు పుట్టలేదు.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథనే తీసుకోండి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేశారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన కాళ్లను చూసినవాళ్లెవరూ ఆ పథకం వద్దనలేదు. అప్పు తెచ్చింది తాగునీటి కార్పొరేషన్, పూచీ పడింది ప్రభుత్వం. నీళ్లకు బిల్లు లేదు కాబట్టి కిస్తీ కట్టాల్సింది ఖజానాయే. ఈ సంగతి అప్పిచ్చినవాళ్లకు మొదటి రోజు నుంచీ తెలుసు.

కాళేశ్వరం ఆ దారిలోనే అప్పు తెచ్చుకుని 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2015లో కర్వెనలో పునాదిరాయి పడ్డ పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల మొదటి మోటారు నార్లాపూర్‌లో తిరిగేసరికి 2023 సెప్టెంబరు. హరిత ట్రిబ్యునల్ స్టే కూడా అడ్డుపడింది, నిజమే. కానీ ఎవరి వంతు వచ్చేసరికి అప్పుల తలుపు బిగుసుకుందో పాలమూరు రైతుకు వేరే చెప్పాలా?

దాచిన అప్పు ఎప్పటికైనా ఖజానా మీదే పడుతుందన్నది కేంద్రం వాదన. అందులో తప్పు లేదు. అయితే కేంద్రం అప్పుకు రాజ్యాంగం 292వ అధికరణం కింద హద్దు పెట్టాల్సింది పార్లమెంటే, ఇంకొకరి అనుమతి అక్కర్లేదు. లోటును 2021 మార్చికల్లా జీడీపీలో 3 శాతానికి దించుతామని 2018లో చట్టంలో రాసుకుని, ఆ మాట నిలబెట్టుకోలేదు. రాష్ట్రం సంగతి వేరు. కేంద్రానికి పాత బాకీ ఉన్నంతకాలం కొత్త అప్పుకు దాని సమ్మతి కావాలంటుంది 293(3). రాష్ట్రాలకు కేంద్రం అప్పులివ్వడం మానాలని 12వ ఆర్థిక సంఘం చెప్పింది. ఆ మాటే సాగి ఉంటే పాత బాకీలు తీరి, పగ్గం దానంతటదే జారిపోయేది. కానీ 2020-21 నుంచి రాష్ట్రాలకు కేంద్రం యాభై ఏళ్ల వడ్డీలేని రుణాలు మొదలుపెట్టింది. వడ్డీ లేదు కదా అని అన్ని రాష్ట్రాలూ తీసుకున్నాయి, మనమూ తీసుకున్నాం; పగ్గం మళ్లీ బిగిసింది.

అప్పులకు కేంద్రం పెట్టే ఈ హద్దుల మీద కేరళ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్ 1న కోర్టు మధ్యంతర ఊరట నిరాకరించి, 293వ అధికరణం ప్రశ్నలను అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. శ్వేతపత్రం వేసిన ప్రభుత్వమే ఇప్పుడు ఆ కార్పొరేషన్ల అప్పుల గడువులు, వడ్డీలు సవరించమని ఢిల్లీని అడుగుతోంది.