ముఖం దగ్గరకొచ్చేసరికి తేలిపోయే సీజీ

యాక్షన్ సిరీస్‌లో రోబో నడక కాస్త మొరటుగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుపోతాడు. ప్రేమకథా యానిమేలో, అంటే జపాన్ తరహా యానిమేషన్ ప్రేమకథలో, ఆ వెసులుబాటు లేదు. అక్కడ సంఘటన అంటే చూపు పక్కకి తిప్పుకోవడం, చెయ్యి ముందుకొచ్చి ఆగిపోవడం, జవాబు చెప్పే ముందు ఊపిరి బిగబట్టడం. చవకగా చేసిన కంప్యూటర్ యానిమేషన్ (సీజీ) సరిగ్గా వీటినే చెడగొడుతుంది. ఈ చిక్కు ఇవాళ్టిది కాదు.

ఖర్చు తగ్గించుకోవడం జపాన్ టీవీ యానిమేకి పుట్టుకతోనే వచ్చింది. 1963 జనవరి 1న ఒసాము తెజుకా స్టూడియో ముషి ప్రొడక్షన్ తీసిన ‘తెత్సువాన్ ఆటమ్’ (ఆస్ట్రో బాయ్) ప్రసారం మొదలైంది. సెకనుకు 24 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములు నిలిపితే 8 బొమ్మలతో సరిపోతుంది. నోరు మాత్రమే కదపడం, ఒకసారి గీసిన కదలికను దాచి మళ్లీ వాడటం, కదలని బొమ్మ మీద కెమెరాను జరపడం అలా అలవాటయ్యాయి. ప్రేమకథలకు ఈ పొదుపు నిజానికి కలిసొచ్చింది. నిశ్చలంగా ఉన్న ముఖం మీద గాలికి నాలుగు వెంట్రుకలు ఊగి, వెనక గొంతు వినిపిస్తే చాలు, మిగతాది చూసేవాళ్లే పూరించుకుంటారు. గీసిన బొమ్మ ఆగితే మౌనంలా ఉంటుంది. కంప్యూటర్‌లో కట్టిన త్రీడీ మోడల్ ఆగితే షాపులో బట్టలు తొడిగిన బొమ్మలా ఉంటుంది. అందుకని యానిమేటర్లు దాన్ని ఊరికే అటూ ఇటూ ఊపుతారు, దాంతో ఆ నిశ్శబ్దం కాస్తా పోతుంది.

1990ల చివరిదాకా పారదర్శకమైన రేకుల మీద రంగులు వేసి, కెమెరా కింద ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసేవారు. 1997 ప్రాంతంలో తోయే యానిమేషన్ టీవీ సిరీస్‌ల రంగుల పనిని కంప్యూటర్‌కి మార్చడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలో పరిశ్రమ దాదాపు మొత్తం అదే దారి పట్టింది. రేకులు పోయాక చేతిబొమ్మనూ త్రీడీ వస్తువునూ ఒకే ఫ్రేములో కలపడం తేలికైంది. 1998లో కార్ల రేసుల సిరీస్ ‘ఇనిషియల్ డీ’లో కార్లు సీజీ, మనుషులు చేతిగీత. స్కూలు ప్రేమకథల్లోకీ సీజీ ఇలా పక్కదారినే వచ్చింది: రైలు, సైకిలు, తరగతి గది, బాణసంచా పండుగలో జనం. ఆ జనమే మొదటి తంటా. ముందున్న జంట సెకనుకు 8 బొమ్మలతో కదులుతుంటే, వెనక గుంపు 24 ఫ్రేములతో జారుతూ పోతుంది. అమ్మాయి మనసులో మాట చెప్పే క్షణంలో మన కన్ను ఆ గుంపు మీదికి పోతుంది.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 2002 ఫిబ్రవరిలో విడుదలైన ‘హోషి నో కొయె’. ‘వెదరింగ్ విత్ యూ’తో 2019 అక్టోబరులో మన దేశపు థియేటర్లకూ వచ్చిన దర్శకుడు మకోతో షింకాయ్, ఈ 25 నిమిషాల చిత్రాన్ని పవర్ మ్యాక్ జీ4 కంప్యూటర్ మీద, లైట్‌వేవ్, ఫొటోషాప్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్లు వాడి దాదాపు ఒక్కడే చేశాడు. మొదటి కూర్పులో అబ్బాయి గొంతు కూడా ఆయనదే. అందులో సీజీ రోబోలు ప్లాస్టిక్‌లా ఉంటాయి, ముఖాల గీత కూడా బలహీనమే. అయినా కథ పట్టుకుంటుంది. ఎందుకంటే ఆయన ప్రేమను ముఖాల మీద మోపలేదు. ఆకాశం మీద, ఖాళీ మెట్ల మీద, అంతరిక్షం నుంచి చేరడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టే మొబైల్ సందేశం మీద మోపాడు. సీజీని ఎక్కువగా అంతరిక్ష యుద్ధానికే వాడాడు. చిన్న బడ్జెట్‌తో ప్రేమకథ తీసేవాళ్లు ఇప్పటికీ ముందు చూడాల్సింది ఈ పంపకాన్నే.

2013లో సాంజిగెన్ చేసిన ‘ఆర్పెజియో ఆఫ్ బ్లూ స్టీల్’, 2014లో పాలిగాన్ పిక్చర్స్ చేసిన ‘నైట్స్ ఆఫ్ సిడోనియా’ వచ్చాక మనుషులు కూడా త్రీడీ మోడళ్లయ్యారు. ఇక్కడే లెక్క తిరగబడింది. చేతిబొమ్మలో ప్రతి షాట్‌కీ ఖర్చవుతుంది. త్రీడీలో ఖర్చంతా ముందే: మోడల్ కట్టాలి, లోపల కదలికకు ఎముకల గూడు లాంటి రిగ్ అమర్చాలి. అదే మోడల్‌ను పదేపదే వాడినప్పుడే ఆ డబ్బు తిరిగొస్తుంది. 12 ఎపిసోడ్లూ ఒకే కవచంలో తిరిగే పైలట్‌కి ఇది లాభసాటి. ప్రేమకథ హీరోయిన్‌కి చలికాలం యూనిఫామ్, ఎండాకాలం యూనిఫామ్, ఇంటి బట్టలు, పండక్కి యుకతా (పలచటి నూలు కిమోనో), షికారుకి మరో రెండు జతలు కావాలి. జుట్టు పైకి ముడేస్తే దాని రిగ్ మళ్లీ కట్టాలి. డబ్బు చాలనప్పుడు మొదట కోత పడేది ముఖకవళికల మీద. కనుబొమలకీ పెదవులకీ కావాల్సినన్ని ఆకారాలు చేయకపోతే, సిగ్గూ చిరాకూ ఒకేలా కనిపిస్తాయి.

నీడలది ఇంకో బాధ. త్రీడీ మోడల్‌ని చేతిబొమ్మలా కనిపించేలా చేసే సెల్ షేడింగ్‌లో వెలుగు, నీడ అని రెండే మెట్లు ఉంటాయి. ఉపరితలం దీపానికి ఎంత వాలుగా ఉందో చూసి సాఫ్ట్‌వేర్ గీత గీస్తుంది. ముక్కు, బుగ్గల వంపుల వల్ల ఆ గీత వంకరటింకరగా పడి ముఖం మీద మరకలా తోస్తుంది. తల తిప్పితే మరక పాకుతుంది. దీనికి మందు ఉంది: ముఖపు నార్మల్స్‌ను (ఉపరితలం ఎటు తిరిగి ఉందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే దిశలను) చేత్తో సవరించి నునుపు చేయడం, పక్కనుంచి చూపే షాట్లకు నోటిని విడిగా జరపడం. షాట్ షాట్‌కీ చేయాలి కాబట్టి హడావుడి షెడ్యూల్‌లో ఇదే వదిలేస్తారు.

అన్నిటికన్నా కష్టం స్పర్శ. రెండు మోడళ్లకు ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియదు. చేతులు పట్టుకుంటే వేళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. కౌగిలించుకుంటే జుట్టు భుజంలోంచి పొడుచుకొస్తుంది, చొక్కా నలగదు. ముద్దులో పెదవి కాస్త అణగాలంటే ఆ షాట్ కోసమే ప్రత్యేకంగా ఆకారం చెక్కాలి. చవక నిర్మాణాలు కెమెరాను వీపు వెనక్కి తీసుకుపోతాయి, లేదంటే సీన్‌ను ఆకాశం మీదికి కట్ చేస్తాయి. ఒకసారైతే అందంగానే ఉంటుంది. ప్రతిసారీ అదే చేస్తే జంట ఎప్పుడూ కలవనట్టే ఉంటుంది.

2019లో ఆరెంజ్ స్టూడియో ‘బీస్టార్స్’ ఈ గోడను చాలావరకు దాటింది. తోడేలు లెగోషి, కుందేలు హారు మధ్య నడిచే ఆ కథలో చెవులు, తోక, బొచ్చు కూడా భావాలు పలికిస్తాయి. జంతు ముఖాలు కావడం వల్ల మనిషి ముఖానికి పెట్టే కఠిన పరీక్ష కొంత సడలింది. కానీ అది చవక పని కాదు.

డబ్బు లేనివాళ్లకు మిగిలే దారి కలగలుపే. సైకిలు, రైలు, మెట్లు త్రీడీలో కట్టి, వాటి మీద మనుషుల్ని చేత్తో గీయాలి. గుంపులోని మోడళ్లను కూడా సెకనుకు 8 లేదా 12 భంగిమలకే కట్టేయాలి. కెమెరా కదిలే షాట్‌లో మాత్రం ఇలా చేయకూడదు. నేల ప్రతి ఫ్రేమూ జరుగుతుంటే పాదం మూడు ఫ్రేములకోసారి జరిగి, మనిషి జారుతున్నట్టుంటాడు. అక్కడ గుంపును మసకబార్చాలి, లేదా కెమెరాను ఆపేయాలి. మాట చెప్పే ముఖం, పట్టుకునే చెయ్యి మాత్రం మంచి గీతకారుల చేతికే వదలాలి.