కంప్యూటర్ గాలిలో కార్బన్ డయాక్సైడ్

రసాయన రవాణా నమూనా, అంటే గాలిలో వాయువులు ఎలా కదులుతాయో, ఎలా మారతాయో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం అనగానే వందలాది రసాయన చర్యల లెక్కలు గుర్తొస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌కు ఆ గొడవ దాదాపు లేదు. గాలిలో అది చెప్పుకోదగ్గంతగా దేనితోనూ రసాయన చర్య జరపదు. నేల నుంచో సముద్రం నుంచో వస్తుంది, మళ్లీ వాటిలోకే పోతుంది. అందుకే ఓజోన్‌తో పోలిస్తే ఈ నమూనాను నడపడం తేలిక. నమ్మదగ్గ జవాబు రాబట్టడం మాత్రం కష్టం, ఎందుకంటే 420 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 420) దాటిన నిల్వ మీద ఒకటి రెండు పీపీఎంల తేడాలే మనకు కావాలి.

జియోస్-కెమ్, టీఎం5 వంటి నమూనాలు గాలుల్ని తామే పుట్టించవు. గతంలో వీచిన గాలుల వివరాలను మెర్రా-2, ఎరా5 వంటి పునర్విశ్లేషణల (పాత వాతావరణ కొలతలను కలిపి తిరిగి కట్టిన రికార్డుల) నుంచి తెచ్చుకుంటాయి. భూగోళాన్ని 2 డిగ్రీల అక్షాంశం, 2.5 డిగ్రీల రేఖాంశం చొప్పున విభజించి 47 పొరలు పెడితే సుమారు 6.16 లక్షల గడులు వస్తాయి. పది నిమిషాలకోసారి ప్రతి గడి నుంచి పక్క గడికి ఎంత వాయువు జరిగిందో లెక్కించాలి. గాఢతను పొడి గాలితోనే భాగించాలి. తేమ నిండిన ఉష్ణమండలంలో నేల దగ్గర నీటి ఆవిరి 3 శాతం ఉంటే, తడి గాలితో భాగించినప్పుడు 420 కాస్తా 407 అయిపోతుంది. వెతుకుతున్న సంకేతం కన్నా ఈ తప్పే పెద్దది.

ఇక నేల, సముద్రాల జమాఖర్చు. శిలాజ ఇంధనాల నుంచి ఏటా దాదాపు 1,000 కోట్ల టన్నుల కార్బన్ వస్తుంది. మొక్కలు కిరణజన్య సంయోగక్రియలో సుమారు 12,000 కోట్ల టన్నులు తీసుకుంటాయి, శ్వాసక్రియలో, కుళ్లడంలో దాదాపు అంతా తిరిగొస్తుంది. ఇక్కడ తరచూ దొర్లే పొరపాటు ప్రమాణాలది: నమూనాకు ఇచ్చే ఉద్గారాల ఫైలు కార్బన్ బరువులో ఉంటే, నమూనా కార్బన్ డయాక్సైడ్ బరువు అనుకుంటుంది. ఫలితం 3.67 రెట్లు తప్పుతుంది. పట్టుకోవడం సులువే: శిలాజ ఇంధనాలను మాత్రమే ఉంచి ఒక ఏడాది నడపండి. 212 కోట్ల టన్నుల కార్బన్‌కు ప్రపంచ సగటు 1 పీపీఎం పెరగాలి, అంటే ఏడాదికి 4.7 పీపీఎం దగ్గర రావాలి.

ఇంతకన్నా సూక్ష్మమైన తప్పు ఇంకొకటుంది. ఇంధనం పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్‌గా వెలువడిన భాగాన్ని కూడా ఉద్గార జాబితాలు అక్కడికక్కడే కార్బన్ డయాక్సైడ్‌గా రాసేస్తాయి. నిజానికి అది వారాల తరబడి ప్రయాణించి ఎక్కడో పైన మారుతుంది. మొక్కల వాయువులు, మీథేన్ ద్వారా వచ్చేదీ కలుపుకుంటే ఇలా గాలిలోనే పుట్టేది ఏటా సుమారు 100 కోట్ల టన్నుల కార్బన్. దాన్ని నేల లెక్కలోంచి తీసి పైపొరలకు పంచాలి.

ప్రారంభ స్థితి సంగతి త్వరగా తేలిపోతుంది. అంతటా ఒకే గాఢతతో మొదలుపెట్టి మూడు నాలుగేళ్లు నడిపి, ఆ ఏళ్ల ఫలితం పక్కన పడేస్తే చాలు. అర్ధగోళాల మధ్య గాలి కలవడానికి ఏడాది దాకా పడుతుంది కాబట్టి అంతకన్నా తొందరపడకూడదు.

అసలు చిక్కు నిలువు కలయికలో ఉంది. వేసవి పగలు మొక్కలు వాయువును లాగేసుకునే వేళకు నేలగాలి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోతుంది, తరుగు పలచబడిపోతుంది. రాత్రి శ్వాసక్రియ సాగే వేళకు కలిసే పొర వంద, రెండొందల మీటర్లే, వాయువు నేల దగ్గరే పేరుకుంటుంది. వేసవి, చలికాలాల మధ్యా ఇదే తీరు. అందువల్ల అడవి ఏడాది మొత్తానికి ఎంత ఇచ్చిందో అంతే తీసుకున్నా, నేల దగ్గర సగటు గాఢత పెరిగినట్టే కనిపిస్తుంది. 1995లో స్కాట్ డెన్నింగ్ అనే శాస్త్రవేత్త బృందం తమ నమూనాలో ఈ ప్రభావాన్ని కొలిస్తే, శిలాజ ఇంధనాలు సృష్టించే ఉత్తర-దక్షిణ తేడాలో దాదాపు సగం ఉంది. నేలకూ గాలికీ మధ్య వాయువు రాకపోకలకు (ప్రవాహాలకు) నెల సగటులు వాడితే రాత్రి-పగళ్ల వల్ల వచ్చే ఈ ప్రభావం మాయమవుతుంది. కనీసం మూడు గంటలకోసారి మారే ప్రవాహాలు ఇవ్వాలి.

దీని పర్యవసానం చిన్నది కాదు. 2007లో బ్రిట్టన్ స్టీఫెన్స్ అనే శాస్త్రవేత్త బృందం 12 నమూనాలను విమానాల నుంచి తీసిన నిలువు కొలతలతో పోల్చింది. బాగా సరితూగినవి మూడే. గాలిలోని గాఢతల నుంచి వెనక్కి లెక్కగడితే, మొత్తం 12 నమూనాల సగటుతో పోల్చినప్పుడు ఆ మూడింటి లెక్కలో ఉత్తర భూభాగాలు పీల్చుకునేది ఏటా 240 కోట్ల టన్నుల నుంచి 150 కోట్లకు తగ్గింది, ఉష్ణమండలం వదిలేది 180 కోట్ల నుంచి 10 కోట్లకు పడిపోయింది. గాలి కలయికలో తప్పంతా అడవుల ఖాతాలో పడిందన్నమాట. కాబట్టి ముందు వేరే వాయువులతో పరీక్షించడం మంచిది: నేల నుంచి వెలువడే, 3.8 రోజుల అర్ధాయువున్న రేడియోధార్మిక వాయువు రేడాన్-222 నిలువు కలయికను పట్టిస్తుంది, విద్యుత్ పరికరాల్లో వాడే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అర్ధగోళాల మధ్య రవాణాను చూపిస్తుంది.

కొలతలతో పోల్చేటప్పుడూ జాగ్రత్త కావాలి. హవాయిలోని మౌనా లోవా కొలతల కేంద్రం 3,397 మీటర్ల ఎత్తున ఉంది. ముతక గడుల్లో ఆ కొండ దాదాపు సముద్రంలో కలిసిపోతుంది, కనుక అడుగు పొరను కాక ఆ ఎత్తుకు తగిన పొరను తీసుకోవాలి. తీరప్రాంత కేంద్రాలకు సముద్రం వైపు గడి మేలు. కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే నాసా ఉపగ్రహం ఓసీఓ-2 అయితే నేల నుంచి పైదాకా గాలి నిలువు స్తంభం మొత్తాన్ని కొలుస్తుంది కాబట్టి కలయిక తప్పులు అంతగా బాధించవు. అయితే అది స్థానిక సమయం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మబ్బు లేని చోట మాత్రమే చూస్తుంది. ఒక్కో ఎత్తులో దాని చూపు ఎంత పదునో తెలిపే గుణకాలతో నమూనా పొరలను తూచి, సరిగ్గా ఆ రోజు ఆ వేళ విలువనే తీసుకోవాలి. దాని బదులు నమూనా నెల సగటుతో పోలిస్తే, ఉపగ్రహం చూడని రాత్రులూ మబ్బు రోజులూ లెక్కలోకి దూరిపోతాయి.