ఒక చోటు ఎంచుకుని వినండి

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. "బేతోవెన్ వయొలిన్ కాన్సెర్టోకి ఇన్ని రికార్డింగులు ఉన్నాయి కదా పెద్దమ్మా, అన్నిట్లోకీ మంచిది ఏదో ఒక్కటి చెప్పు, అదే వింటాం" అని రాశారు. పేరు చెప్పడం కష్టమేమీ కాదు. కానీ చెప్పానంటే మీరు అదొక్కటే వింటారు, మిగతావి తక్కువవని వినకుండానే అనుకుంటారు. మీ వయసులో నేనూ అలాగే చేశాను. ఎవరో గొప్పదన్న ఒక రికార్డింగును పట్టుకుని కూర్చుని, మిగతావాళ్లు ఏం చేశారో చాలా ఏళ్లు తెలుసుకోలేదు. అందుకే పేరుకు బదులు నేను ఎలా వింటానో రాస్తున్నాను.

కాన్సెర్టో అంటే ఒక్క వాద్యం ముందు నిలిచి, ఆర్కెస్ట్రా అనే పెద్ద వాద్యబృందంతో కలిసి వాయించే రచన. నలభై నిమిషాల పైన సాగే అలాంటిదాన్ని మొత్తం విని, ఆ వెంటనే ఇంకొకరిది మొత్తం విని, ఏది మేలో చెప్పడం ఎవరికైనా కష్టమే. రెండోది సగానికి వచ్చేసరికి మొదటిది మనసులో మసకబారిపోతుంది. మిగిలేది "బాగుంది", "అంత బాగాలేదు" అన్న మాటే. కాబట్టి ఒక చిన్న చోటు ఎంచుకోండి. ఒక నిమిషం చాలు. ఆ నిమిషాన్నే నలుగురు వాయించగా వినండి.

ఏ చోటు? చాలామంది వేగంగా పరుగెత్తే చోట్లు ఎంచుకుంటారు. నేను ఎంచుకోను. ఇవాళ రికార్డు చేసే స్థాయికి వచ్చినవాళ్లలో ఆ పరుగు చాలామందికి వచ్చే ఉంటుంది. నేను చూసేది వయొలిన్ తగ్గి ఉండాల్సిన చోట్లు: పాట ఇంకో వాద్యం చేతిలో ఉన్నప్పుడు ఈ మనిషి ఏం చేస్తున్నాడు, ఏమీ చేయడానికి లేనంత మామూలు స్వరాలు నాలుగు వచ్చినప్పుడు ఏం చేస్తున్నాడు. అక్కడ వాయించేవాళ్లు దాచుకోవడానికి ఏమీ ఉండదు.

బేతోవెన్‌నే తీసుకుందాం. 1806 డిసెంబరు 23న వియన్నాలో ఫ్రాంజ్ క్లెమెంట్ దీన్ని మొదటిసారి వాయించాడు. మొదట వినిపించేది వయొలిన్ కాదు, టింపనీ అనే పెద్ద డోలు. మెల్లగా నాలుగు దెబ్బలు, ఐదో దెబ్బ మీద ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు అనే ఊదే వాద్యాలు పాట అందుకుంటాయి. ఆ దెబ్బల్ని ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్లలో కొందరు గడియారంలా సమానంగా కొట్టిస్తారు. కొందరు వాటిని ఐదోదాని వైపు నడిపిస్తారు. తేడా వెంట్రుకవాసి ఉంటుంది. కానీ ఆ దెబ్బలే మొదటి భాగం పొడుగునా మళ్లీ మళ్లీ వస్తాయి, కాబట్టి అక్కడ కండక్టర్ ఏం అనుకున్నాడో ఇరవై నిమిషాల తర్వాత కూడా మీకు తెలుస్తూనే ఉంటుంది. వయొలిన్ వచ్చేది సుమారు మూడు నిమిషాల తర్వాత. ఒకే స్వరాన్ని కింది స్థాయిలో ఒకసారి, పై స్థాయిలో ఒకసారి పలికిస్తూ మెట్లెక్కినట్టు పైకి వస్తుంది. వినడానికి తేలిక, వాయించడానికి కాదు. అంతసేపు చేతులు కట్టుకుని నిలబడి, వేళ్లు చల్లబడ్డాక, ఒక్కసారిగా మొదలుపెట్టాలి. శ్రుతి ఒక్క పిసరు తప్పినా కింది స్వరం, పై స్వరం ఒకదాన్నొకటి పట్టిస్తాయి.

అయినా నాకు ఇష్టమైన చోటు ఇది కాదు. మొదటి భాగం చివర కెడెంజా వస్తుంది. అంటే ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోయి, వయొలిన్ ఒక్కటే తన విద్య అంతా చూపించే చోటు. అది అయ్యాక అందరూ పెద్ద చప్పుడు కోసం ఎదురుచూస్తారు. బేతోవెన్ అలా రాయలేదు. తీగవాద్యాలు వేళ్లతో మీటుతుంటే, వయొలిన్ కింది తీగల మీద ఆ పాత పాటనే, ఏ అలంకారమూ లేకుండా, మెల్లగా పాడుతుంది. అంత ప్రదర్శన తర్వాత అంత నిరాడంబరంగా ఉండటం ఎవరికి చేతనైందో వినండి. కొందరు అప్పుడు కూడా కెడెంజా వేడిలోనే ఉంటారు, స్వరం స్వరానికీ వైబ్రాటో, అంటే వేలిని వణికించి స్వరాన్ని ఊపడం, దట్టిస్తారు. కొందరు కాలాన్ని ఎంత సాగదీస్తారంటే, కింద మీటే వాళ్లు ఎక్కడ మీటాలో తెలియక తడబడతారు. డేవిడ్ ఓయిస్ట్రఖ్ 1958లో ఆంద్రె క్లుయిటెన్స్ కండక్టరుగా చేసిన రికార్డింగులో ఈ చోటు వినండి. ధ్వని నిండుగా ఉంటుంది, కానీ ఎక్కడా బతిమాలదు.

కెడెంజా సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వయొలిన్ కోసం బేతోవెన్ దీనికి కెడెంజా రాయలేదు. తర్వాతివాళ్లు రాశారు. ఎక్కువగా వినిపించేది ఫ్రిట్జ్ క్రైస్లర్‌ది. ఈ కాన్సెర్టోనే బేతోవెన్ పియానోకి మార్చినప్పుడు మాత్రం టింపనీతో కలిపి ఒకటి రాశాడు. వోల్ఫ్‌గాంగ్ ష్నైడర్‌హాన్ దాన్ని వయొలిన్‌కి మార్చుకుని వాయించాడు. గిడాన్ క్రేమర్ ఒక రికార్డింగులో 20వ శతాబ్దపు స్వరకర్త ష్నిట్కే రాసినది వాయించాడు, వింటే ఉలిక్కిపడతారు. కాబట్టి ఒకరి మొదటి భాగం 25 నిమిషాలు, ఇంకొకరిది అంతకన్నా తక్కువ అని నిమిషాలు చూసి "వీళ్లు నెమ్మది, వాళ్లు వేగం" అని రాసేయకండి. కెడెంజాల పొడుగులో తేడా ఉందేమో ముందు చూడండి. అది తీసేశాక కూడా యాషా హైఫెట్జ్ 1955 రికార్డింగు వేగమైనదే, దాని మొదటి భాగం 20 నిమిషాల చిల్లరలో అయిపోతుంది. అయితే తొందర వేరు, వేగం వేరు. ప్రతి వాక్యం చివర ఊపిరి పీల్చుకునే చోటు ఉంటే అది వేగం. ఆ చోటు మింగేస్తే తొందర. హైఫెట్జ్‌ది నాకు చాలా చోట్ల వేగంగానే వినిపిస్తుంది, ఒకటి రెండు చోట్ల తొందరగా. మీకు వేరేలా అనిపిస్తే ఆ చోటేదో రాయండి.

చైకోవ్‌స్కీ కాన్సెర్టోలో ఇంకో చిక్కు ఉంది. లియోపోల్డ్ ఆవర్ అనే వయొలిన్ గురువు దీన్ని తనకు అనువుగా దిద్దాడు, చివరి భాగంలో మళ్లీ మళ్లీ వచ్చే కొన్ని ముక్కల్ని తీసేశాడు. పాత రికార్డింగులు చాలావాటిలో ఆ కత్తిరింపులు ఉంటాయి. చివరి భాగం పొట్టిగా ఉందంటే వాయించినవాళ్లు పరుగెత్తారనే అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఒకే కాన్సెర్టోకి రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టి విన్నాను. రెండోది స్పష్టంగా మేలనిపించింది. వయొలిన్‌లో ప్రాణం ఉంది, ఆర్కెస్ట్రాకి నిండుతనం ఉంది. నమ్మకంగా పది మందికి చెప్పాను. కొన్నాళ్లకు మళ్లీ వింటుంటే, మొదటిది ధ్వని తక్కువగా రికార్డయిందని తెలిసింది. దాని వాల్యూమ్ కొంచెం పెంచి విన్నాను. నేను మెచ్చుకున్న గుణాల్లో సగం అక్కడా ఉన్నాయి. ఎక్కువ గట్టిగా వినిపించేది ఎక్కువ బాగున్నట్టు అనిపించడం మన చెవి స్వభావం. అప్పటినుంచి ఏ రెండిటిని పోల్చినా ముందు వాల్యూమ్ సమానం చేస్తాను. మీరూ అదే చేయండి. వీలైతే ఏది ఎవరిదో తెలియకుండా ఇంకొకరి చేత పెట్టించుకోండి. పెద్ద పేరు ముందే చూస్తే చెవి ఆ పేరు చెప్పినట్టే వింటుంది.

ఇక మైకు. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పొరపాటు తీర్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. హాల్లో ఒక్క వయొలిన్, దాని వెనక యాభై అరవై మంది. అందుకే మంచి స్వరకర్తలు వయొలిన్ వాయించేటప్పుడు వెనక ఆర్కెస్ట్రాని పలుచగా రాస్తారు. రికార్డింగులో ఆ అవసరం లేదు. వయొలిన్ ముందు మైకు పెడితే ఒక్క వాద్యం అరవై మంది కన్నా పెద్దదైపోతుంది. హైఫెట్జ్ రికార్డింగులు చాలావాటిలో వయొలిన్ అలా ముఖం మీదికి వచ్చినట్టుంటుంది, కమాను తీగని కొరికే చప్పుడు కూడా వినిపిస్తుంది. దాన్ని విని "ఎంత పెద్ద ధ్వని!" అంటాం. ఆ పెద్దతనంలో ఆయన చేతిది ఎంత, మైకుది ఎంత అని మనం అడగాలి.

కనిపెట్టడానికి ఒక దారి ఉంది. వయొలిన్ అలంకారాలు అల్లుతుంటే పాటని క్లారినెట్టో బసూనో పాడే చోటు వెతకండి. పాట మీకు వినపడాలి. అల్లిక మాత్రమే వినిపించి పాట ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంటే, ఆ రికార్డింగు స్వరకర్త రాసినదాన్ని తలకిందులు చేసింది. తప్పు వాయించినవాళ్లది కాకపోవచ్చు. రికార్డు చేసిన ఇంజనీరు, చివర్లో కలిపినవాళ్లు కూడా ఇందులో భాగస్వాములే. మెచ్చుకునేటప్పుడు కూడా వాళ్లని గుర్తుపెట్టుకోండి.

పాత రికార్డింగుల్లో గీర (గీసుకుంటున్నట్టు చప్పుడు) ఉందని, మధ్యలో "చిటపటలు" ఉన్నాయని రాశారు. ఉంటాయి. 1925కి ముందు రికార్డింగుకి మామూలుగా మైకు వాడేవాళ్లు కాదు, ఒక పెద్ద గొట్టం ముందు నిలబడి వాయించేవాళ్లు. 1915లో క్రైస్లర్, ఎఫ్రెమ్ జింబలిస్ట్ కలిసి బాఖ్ రాసిన రెండు వయొలిన్ల కాన్సెర్టోని అలాగే రికార్డు చేశారు. ఆర్కెస్ట్రా బదులు వెనక ఉన్నది నలుగురే. తర్వాత మైకు వచ్చినా, రికార్డు ఒక వైపున నాలుగైదు నిమిషాలే పట్టేది. బేతోవెన్ కాన్సెర్టోని సుమారు పది ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క వాయించి ఆగి, మళ్లీ అదే ఊపు తెచ్చుకుని తర్వాతిది వాయించాలి. ఒక్క స్వరం జారితే ఆ వైపంతా మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు టేపుల్ని, ఫైళ్లని కోసి అతికించవచ్చు, తప్పుల్లేకుండా తయారుచేయవచ్చు. కాబట్టి పాతవాటిలో ఒక స్వరం మసకబారితే మార్కులు కొట్టేయకండి. ఆ మనిషి ఒక్క ఊపులో ఎంత దూరం వెళ్లాడో చూడండి.

గీర మీద నాకు పట్టింపు పోయింది జినెట్ నెవూ అనే వయొలిన్ కళాకారిణి వల్ల. ఆమె 1945లో సిబేలియస్ కాన్సెర్టో రికార్డు చేసింది. నాలుగేళ్లకే, 1949లో, విమాన ప్రమాదంలో చనిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. ఆ కాన్సెర్టో మొదట్లో ఆర్కెస్ట్రా వయొలిన్లు మంచు కురిసినట్టు వణుకుతూ ఉంటాయి, దాని మీదికి ఒంటరి వయొలిన్ వస్తుంది. నెవూ ఆ మొదటి వాక్యాన్ని ఒక పట్టుదలతో పట్టుకుంటుంది, ఎక్కడా వదలదు. మొదటి నిమిషం గడిచాక నాకు గీర వినిపించలేదు. హైఫెట్జ్ 1935లో ఇదే కాన్సెర్టోని థామస్ బీచమ్ కండక్టరుగా రికార్డు చేశాడు. అది చల్లగా, పదునుగా ఉంటుంది. రెండూ పక్కపక్కన వినండి. సిబేలియస్ రాసిన స్వరాలు రెండు చోట్లా అవే. ఎవరు మేలని నన్నడిగితే ఆ మొదటి వాక్యానికి నెవూ అంటాను, చివరి భాగానికి హైఫెట్జ్ అంటాను.

పాతవాళ్లు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలిని జార్చేవాళ్లు, ఇవాళ్టి చెవికి అది ఎక్కువ అనిపిస్తుంది. అప్పటివాళ్లకి అదే అందం. 1932లో పదహారేళ్ల యెహూదీ మెనుహిన్ ఎల్గార్ కాన్సెర్టో రికార్డు చేశాడు. ముందు నిలబడి నడిపించింది 75 ఏళ్ల ఎల్గారే. అందులో ఆర్కెస్ట్రా వయొలిన్లు కూడా ఎంత ధారాళంగా జార్చాయో వింటే, రాసినాయన దాన్ని తప్పుగా అనుకోలేదని తెలుస్తుంది. అలాగని ఇవాళ జార్చనివాళ్లు తప్పని కాదు. జార్చినా మానినా ఆ వాక్యంలో దానికి కారణం వినిపించాలి.

బ్రామ్స్ కాన్సెర్టో రెండో భాగం గురించి ఒక్క మాట. 1879 జనవరి 1న లైప్‌జిగ్‌లో యోసెఫ్ యోవాఖిమ్ మొదటిసారి వాయించిన కాన్సెర్టో ఇది. రెండో భాగం మొదట్లో పాటంతా ఓబోదే, వయొలిన్ ఊరికే వింటూ నిలబడాలి. రికార్డింగు మీద మెరిసే పెద్ద పేరు వయొలిన్ వాయించేవారిది, కానీ అక్కడ మీరు అంచనా వేయాల్సింది ఓబో వాయించిన, అట్ట మీద పేరు కూడా ఉండని ఆ మనిషిని. ఆ తర్వాత వయొలిన్ వచ్చినప్పుడు, అది ఓబో చెప్పినదాన్ని విని వచ్చిందా, లేక తన వంతు కోసం ఎదురుచూసి వచ్చిందా? ఇది తెలిసిపోతుంది పిల్లలూ. వినగా వినగా తప్పకుండా తెలుస్తుంది.

విన్నదాని గురించి నాకు రాసేటప్పుడు "అద్భుతం", "దైవికం" లాంటి మాటలు వాడకండి. ఎక్కడ, ఏం జరిగింది, మీకు ఏమనిపించింది, ఈ మూడూ రాయండి. "రెండో పాట దగ్గర నెమ్మదించాడు, ఎందుకో తెలియలేదు" అన్న వాక్యం పది పొగడ్తల కన్నా నాకు ఎక్కువ పనికొస్తుంది.

మొదలుపెట్టడానికి మెండెల్సన్ కాన్సెర్టో తీసుకోండి. ఇది 1845లో మొదటిసారి వినిపించింది. మొదటి భాగంలో సుమారు మూడు నిమిషాల దగ్గర వయొలిన్ కిందికి దిగి దిగి తన ఖాళీ తీగ మీద, తనకున్న అన్నిటికన్నా కింది స్వరం మీద ఆగుతుంది. దానిపైన ఫ్లూట్లు, క్లారినెట్లు కొత్త పాట పాడతాయి. వయొలిన్ చేసేదల్లా ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని ఉండటమే. ఖాళీ తీగ కాబట్టి ఎడమచేతి వేళ్లకి అక్కడ పనేం లేదు, కమాను ఒక్కటే. ముగ్గురు వాయించినది వినండి, వాల్యూమ్ సమానం చేసుకుని. ఆ స్వరం ముగ్గురి చేతుల్లో ఎలా ఉందో విడివిడిగా కాగితం మీద రాసుకుని, మీలో మీరు మాట్లాడుకోకుండా, నాకు పంపండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ